మైకు బాడుగ

కాశీనగరంలో మైకు కట్టిన ఆటో నాదొక్కటే.
చీరల తగ్గింపు, కళ్ళ డాక్టరు రాక,
కరెంటు కోత, ఠాకూరాణి జాతర,
అన్నీ ఈ గొంతులోంచే ఊళ్ళోకి వెళ్తాయి.
ఒక వీధి ఒడియాలో, ఒక వీధి తెలుగులో,
స్టేషను రోడ్డులో రెండూ కలిపి.

ఆ మంగళవారం పొట్నూరు వాళ్ళ గుంట కోసం తిప్పాను.
పేరు ఢిల్లీశ్వరి. తొమ్మిదేళ్ళు.
పసుపు గౌను. ఎడమ చెవికి పోగు లేదు, వేపపుల్ల ఉంది.
ట్యూషన్ నుంచి బయల్దేరింది, ఇంటికి చేరలేదు.

ఒడియాలో "హజిజాయిచి" అంటే సరిపోతుంది.
తెలుగులో "తప్పిపోయింది" అనాలి,
తప్పేదో పిల్లే చేసినట్టు.
నలభై సార్లు అన్నాను.
సాయంత్రానికి ఆ పసుపు నా నోట్లోనే వెలిసిపోయింది.

బ్యాటరీ దిగిపోతే
ధాన్యం కొట్టు తవిటయ్య తన ఇన్వర్టరుది విప్పి ఇచ్చాడు.
"డబ్బులొద్దురా, ఆడపిల్ల విషయం" అన్నాడు.
పక్కన కూర్చుని కరపత్రాలు పంచాడు,
గోడలకి మైదా పూసింది అతని చేతులే.
ఇది చివర చెప్పాల్సింది, చివర్లో తెలిసింది గనక.
నాకిప్పుడు ఏదీ వరసలో రాదు.

రెండో రోజు ఎవరో చీటీ అందించారు:
పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారు, జాగ్రత్త.
ఎవరు రాశారని అడగలేదు. చదివాను.
రెండు భాషల్లో, స్పష్టంగా.

రైలు గేటు దగ్గర జుట్టు కొనే ఆమె దొరికింది.
"చిక్కెంట్రుకలకి పిన్నీసులు, చిక్కెంట్రుకలకి బుడగలు"
అంటూ నెలకోసారి వచ్చే మనిషే.
సంచి తిరగేశారు. జుట్టు పడింది.
"ఇదిగో గుంట జుట్టు!"
ఆ జుట్టు మా ఇళ్ళదే.
మా ఆవిడ దువ్వెనలోంచి తీసి, ఉండ చుట్టి
కిటికీ సందులో దాచిందీ అందులో ఉండే ఉంటుంది.
నల్లది, నెరిసింది, గోరింటాకు ఎర్రది
పట్టాల మీద గాలికి దొర్లుతుంటే
ఆమె ఏదో చెప్తూనే ఉంది, మా రెండు భాషల్లోనూ లేని మాట.
చెయ్యి విరిగాక కూడా ఆ మూడో భాషలోనే అరిచింది.
కొడుకు మాత్రం బుడగల కట్ట వదల్లేదు.

నాలుగో పొద్దున వంశధార నడిమి దిబ్బ మీద
పుచ్చపాదులకి నీళ్ళు పెట్టేవాడు చూశాడు.
ఇటు పోలీసులు ఇటు ఒడ్డున,
అటు పోలీసులు అటు ఒడ్డున.
దిబ్బ ఏ రాష్ట్రానిదో తేలేలోపు
వాళ్ళ నాన్న ఎవర్నీ అడగకుండా దిగిపోయాడు.
మొలలోతు నీళ్ళు.
తిరిగొచ్చేటప్పుడు పిల్లకి తడి తగలకుండా
రెండు చేతులూ పైకెత్తి మోసుకొచ్చాడు.

తర్వాతంతా ఊరికి తెలిసిందే.
కొవ్వొత్తులు, మూసిన దుకాణాలు, తగలబడ్డ ధాన్యం కొట్టు.
"వాడు మా ఊరోడు కాడు, తాతలెక్కణ్ణుంచో వచ్చారు" అని
వారం రోజులు వాడి పుట్టుక వెతికారు.
దొరకలేదు. ఇక్కడే పుట్టాడు.
వాడూ నేనూ ఒకే పలక మీద రెండు లిపులూ దిద్దాం.

జుట్టు కొనే ఆమె ఏ పాపమూ ఎరగదని
ఊరంతా తిప్పి చెప్పడానికి
ఎవరూ బాడుగ కట్టలేదు.
నేనూ ఉత్తినే తిప్పలేదు.

మొన్న ముసురులో పిల్ల తల్లి వచ్చింది.
"ఆ రికార్డింగు తీసీసినావేటి బాబూ?"
తియ్యలేదు. చిప్పులో ఉంది,
చీరల తగ్గింపుకీ కళ్ళ డాక్టరుకీ మధ్య.
"ఓపాలి ఎయ్యి. సన్నంగానే."
ఎందుకమ్మా అన్నాను.
"అందుల అది ఉట్టినే తప్పిపోనాది గదా."

వెనక సీట్లో కూర్చుని వింది.
పసుపు గౌను. ఎడమ చెవికి వేపపుల్ల.
ఆచూకీ తెలిసినవారు అన్నచోట ఆ రోజు నాకు దగ్గొచ్చింది.
ఆ దగ్గు కూడా వింది.
దిగి, కొంగుముడి విప్పి
పది రూపాయల నోటు తీసింది.

బాడుగట.